విష్ణుక్రాంత : పెరటిలో పెంచదగిన వామనపుష్పము

భగవంతునకు సమర్పించు వస్తువు ఎంత పెద్దది, ఎంత విలువైనది అను ప్రశ్న మన సంప్రదాయములో లేదు. భగవద్గీత తొమ్మిదవ అధ్యాయము 26వ శ్లోకములో శ్రీకృష్ణ పరమాత్మ ఆకు, పువ్వు, పండు, నీరు అను నాలుగింటిని పేర్కొని, భక్తితో ఇచ్చినది ఏదైనను స్వీకరింతునని సెలవిచ్చినాడు. అయితే ఆ ఆకును, ఆ పువ్వును మనము ఎచ్చటినుండి తెచ్చుచున్నాము? తెచ్చుటలో ఆ మొక్కకు ఏమగుచున్నది? భక్తులు తప్పక ఆలోచింపవలసిన విషయమిది. ఇందుకు విష్ణువు పేరునే ధరించిన ఒక చిన్న మొక్కను ఉదాహరణగా గైకొందము. అదియే విష్ణుక్రాంత.

పేరులోని అర్థము

క్రాంతమనగా అడుగిడబడినది. విష్ణుక్రాంత యనగా విష్ణువు అడుగిడినదని భావము. బలిచక్రవర్తిని మూడడుగుల నేల యాచించిన వామనుడు త్రివిక్రముడై లోకములను కొలిచిన కథ పోతన భాగవతము అష్టమ స్కంధము ద్వారా తెలుగువారికి సుపరిచితము. ఈ మొక్క నేలను విడిచి పైకి లేవదు. కాలిబాట ప్రక్కన నేలకు అంటుకొని ప్రాకును. పాదస్పర్శను సూచించు పేరు దీనికి ఎంత చక్కగా అమరినదో చూచినవారికే తెలియును. తమిళులు, కన్నడిగులు సైతము దీనిని విష్ణుక్రాంతి యనియే పిలుతురు. కనుక మూడు భాషలు కలియు కుప్పము ప్రాంతమున ఈ పేరు ఎవరికి చెప్పినను అర్థమగును. వినాయక చవితినాడు పూజించు 21 పత్రులలో ఇది ఒకటి. కేరళీయులు దశపుష్పములని పవిత్రముగా ఎంచు పది మొక్కలలోను దీనికి స్థానము కలదు.

గుర్తించు విధానము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు సముద్రమట్టమునకు సుమారు 700 మీటర్లకు అటునిటుగా నున్న మెట్టభూములు. ఎర్ర గరుసు నేల, రాతి గుట్టలు, పశువులు మేయు బీళ్ళు ఇచ్చటి ప్రకృతి. నైరృతి ఋతుపవనముల వాన, అటుపిమ్మట ఈశాన్య ఋతుపవనముల వాన, రెండును ఈ సీమకు అందును. తొలకరి తరువాత ఇట్టి బీళ్ళలోనే విష్ణుక్రాంత చిగిర్చి పూయును. మండువేసవిలో పైభాగము ఎండిపోవును. గింజనుండి కాని, వేరు మిగిలినచోట ఆ వేరునుండి కాని, మరల వానలకు మొలకెత్తును.

ఒకే మొదటినుండి సన్నని కాడలు నలువైపుల నేలపై పరచుకొనును. ఆకులు ఒకటి రెండు సెంటీమీటర్ల పొడవున, కోడిగ్రుడ్డు ఆకృతిలో, పట్టువంటి నూగుతో నుండును. దారమువంటి తొడిమ చివర లేత నీలిపువ్వు పూయును. దాని వెడల్పు ఒక సెంటీమీటరునకు మించదు. ఉదయము ఎండ రాగానే విచ్చి, మధ్యాహ్నమునకు ముడుచుకొనును. ఇది తీగలవలె దేనిని చుట్టుకొనదు. వృక్షశాస్త్రములో దీనికిచ్చిన ఇవాల్వులస్ అను పేరునకు మూలము ఈ లక్షణమే.

రెండు మొక్కలను దీనితో పొరబడరాదు. మొదటిది శంఖపుష్పము. అది చిక్కుడు కుటుంబమునకు చెందిన తీగ, పువ్వు పెద్దది, కాయ చిక్కుడుకాయవలె నుండును. రెండవది నర్సరీలలో కుండీలలో అమ్ము బ్రెజిల్ దేశపు మొక్క. అదియు ఇవాల్వులస్ జాతిదే. అది గుబురుగా పెరుగును, పువ్వు రూపాయి నాణెమంత యుండును. అందమైనదే కాని, మన బీళ్ళలోని విష్ణుక్రాంత అది కాదు.

పూజ పేరిట నష్టము

విష్ణుక్రాంత ఉష్ణదేశములు అనేకములలో పెరుగు మొక్క. లోకమునుండి అది అంతరించిపోవునన్న భయము లేదు. కాని ఊరి చుట్టునున్న బీడు ఇండ్ల స్థలముగా మారినచోట, గుట్ట రాతిగనిగా మారినచోట, ఆ ఊరికి అది లేనట్లే. దీనికి తోడు మన చేతులతో జరుగు నష్టమొకటి కలదు. వినాయక చవితి భాద్రపదములో వచ్చును. అప్పటికి ఈ మొక్కపై పువ్వులును, పచ్చికాయలును కలిసియుండును. గింజ ఇంకను పూర్తిగా ముదరదు. పత్రి కొరకు వేరుతో పెరికినచో ఆ మొక్కయు పోవును, మరుసటి ఏటి గింజయు పోవును. రెండు కొమ్మలు గిల్లుకొన్న పూజకు లోటు లేదు. మొదలంట పెరికినచో మరుసటి చవితికి లోటు తప్పదు.

పెంచు పద్ధతి

ఈ మొక్కను ఇంటనే పెంచుకొనుట మేలైన మార్గము. వెడల్పైన, లోతు తక్కువైన మట్టికుండీ చాలును. అడుగున రంధ్రముండవలెను. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు గరుసు ఇసుక, గుప్పెడు బాగుగా మాగిన పశువుల ఎరువు కలుపవలెను. ఎరువు మించినచో ఆకు పెరుగునే కాని పువ్వు తగ్గును.

గింజ పైపొర గట్టిది. నీరు తేలికగా లోనికి పోదు. అందుచే గింజలను ఇసుకతో కలిపి అరచేతులలో మెల్లగా రుద్ది, ఒక రాత్రి నీటిలో నాననీయవలెను. ఆషాఢ శ్రావణములలో వాన పడిన పిమ్మట పైపైన చల్లి, గింజ మందమున ఇసుక కప్పిన చాలును. మొలకలు అన్నియు ఒకేసారి రావు. కొన్ని ఆలస్యముగా వచ్చును. ఓర్పు వహింపవలెను. మొక్కకును మొక్కకును జానెడు ఎడముంచవలెను.

పూర్తి ఎండ తగులుచోట కుండీ నుంచవలెను. పైమట్టి ఆరిన తరువాతనే నీరు పోయవలెను. ఈ కారణముచేతనే దీనిని తులసికోటలో నాటరాదు. తులసికి నిత్యము నీరు పోయుదుము. ఆ తడి దీని వేరునకు పడదు. కోట ప్రక్కన వేరు కుండీలో నుంచిన రెండును సుఖముగా పెరుగును.

పూజకు పువ్వులు కావలెనన్న ఎండ వచ్చిన తరువాత కోయవలెను. మబ్బు పట్టిననాడు పూలు సరిగా విచ్చవు. అప్పుడు ఆకుతో కూడిన చిన్న కొమ్మను సమర్పింపవచ్చును. దీనికి వైద్యమున పేరున్నది కదాయని స్వయముగా కషాయములు కాచుకొని త్రాగరాదు. అది వైద్యుని సలహాతో జరుగవలసిన పని.

గింజను నిలుపుట

పూత ముగిసిన తరువాత తొడిమ క్రిందికి వంగి చిన్న గుండ్రని కాయ వ్రేలాడును. అది గోధుమవర్ణమునకు తిరిగినప్పుడు కోయవలెను. ఒక కాయలో నాలుగు గింజలకు మించవు. నీడన ఆరబెట్టి, కాగితపు పొట్లములో కట్టి, సంవత్సరము, ఊరు వ్రాసి యుంచవలెను. తొలిసారి గింజకై బీటికి పోవువారు ప్రతి మొక్కనుండి కొద్ది కాయలే తీసికొని తక్కినవి నేలకు విడువవలెను. మరుసటి ఏడు ఇంట పండిన గింజలో కొంత పొరుగింటికి, కొంత తమ పొలము గట్టునకు చేర్చిన ఋణము తీరినట్లగును.

చిన్నదానిని నిలుపుకొనుట ఈ సీమకు క్రొత్త కాదు. పొట్టిదైన పుంగనూరు ఆవు ఒకనాడు అంతరించు స్థితికి వచ్చినది. పలమనేరు పశుపరిశోధనా కేంద్రమువారు కొలదిపాటి మందను జాగ్రత్తగా పోషించి ఆ జాతిని నిలిపిరి. తిరుమలలో అనంతాళ్వారు భగవద్రామానుజుల ఆజ్ఞచే పూదోటను పెంచి, చెరువు త్రవ్వి, ఆ శ్రమనే స్వామికి కైంకర్యముగా సమర్పించినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. ఆయన పువ్వులను వెదకి తెచ్చుటతో తృప్తి చెందలేదు. పువ్వు పూయు నేలనే సిద్ధపరచినాడు. పుష్పకైంకర్యమునకు ఇంతకంటె మంచి పాఠము వేరొకటి లేదు.

వామనుడు చిన్నవాడని బలి దానమిచ్చు వేళ శంకింపలేదు. ఆ చిన్న పాదమే ఆకాశమును కొలిచినది. విష్ణుక్రాంతయు చిన్నదే. ఒక కుండీ మట్టి, ఒక చిటికెడు గింజ, ఒక ఋతువు ఓర్పు మాత్రమే అది మనలను అడుగుచున్నది. రాబోవు తొలకరికి ప్రతి ఇంట ఒక కుండీ సిద్ధమగుగాక. ఆ నీలిపువ్వును శ్రీనివాసుని పాదములచెంత నుంచు భాగ్యము మన పిల్లలకును, వారి పిల్లలకును కలుగుగాక.