వెడల్పు–ఎత్తుల పొత్తు

ఇస్మాయిల్‌ఖాన్‌పేటలో జరిగిన యొక పెండ్లి హెచ్.డి. చిత్రమును డీవీడీపై నెక్కించితి మనుకొనుడు. తెరపై వధూవరుల మోములు నిలువుగా సాగి సన్నబడినవి. కారణమేమి?

హెచ్.డి. చిత్రమున అడ్డముగా 1920, నిలువుగా 1080 బిందువు లుండును, నిష్పత్తి 16:9. మన దేశపు పాల్ పద్ధతి డీవీడీలో అడ్డముగా 720, నిలువుగా 576 బిందువులే యుండును. కావున చిత్రము అడ్డముగా మిక్కిలి నొక్కబడును. దానిని మరల 16:9గా విప్పుమని యంత్రమునకు దెలుపు గుర్తును డీవీడీలో వ్రాయవలెను. పొరపాటున 4:3 అని వ్రాసినచో నొక్కు పూర్తిగా విడదు. మోములు సన్నగానే నిలుచును.

ప్రతులు తీయుటకు ముందొక వృత్తమును చిత్రమున జేర్చి, తెరపై కొలబద్దతో గొలువుడు. అడ్డుకొలత, నిలువుకొలత సమమైనచో గుర్తు సరియైనది. పెండ్లిలో నవ్విన అవ్వ మోము మనుమలకు ఉన్నదున్నట్లు దక్కవలెను గదా!