పాత ఉప్పునీటి అక్వేరియానికి సబ్బు వద్దు

ప్రశ్న: వాడిన ఉప్పునీటి అక్వేరియం కొన్నాను. గాజుకు తెల్లటి పొర గట్టిగా పట్టేసింది. గిన్నెల సబ్బుతో కడగవచ్చా?

జవాబు: సబ్బు జోలికి వెళ్లకండి. ఆ పొర చాలావరకు కాల్షియం కార్బొనేట్, అంటే నీళ్లు కాచే గిన్నె అడుగున పేరుకునే సున్నం లాంటిదే. సబ్బు జిడ్డును వదిలిస్తుంది గానీ సున్నాన్ని కరిగించలేదు. పైగా దాని జాడ అతుకుల దగ్గర మిగిలితే చేపల మొప్పలకు హాని. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, గుడ్డ తడిపి పొర మీద అరగంట పరిచి ఉంచండి. సన్నగా బుడగలు లేస్తే ఆమ్లం సున్నాన్ని తింటున్నట్టే. మెత్తబడ్డాక ప్లాస్టిక్ కార్డుతో గీకితే పెచ్చులుగా ఊడుతుంది.

వెనిగర్‌తో క్రిములు చస్తాయా అంటారేమో. అన్నీ చావవు, నిజమే. పాత చేపలకు జబ్బు చేసి ఉంటే, వెనిగర్‌ను పూర్తిగా కడిగేశాకే సువాసన కలపని బ్లీచ్‌ను నీళ్లలో కలిపి పట్టించి, మళ్లీ బాగా కడిగి, కొన్ని రోజులు ఆరనివ్వండి. ఆ రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, జాగ్రత్త. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యం, అమ్మినవారిని రాగి మందు వాడారా అని అడగడం. చేపలు కొంత తట్టుకునే రాగి మోతాదు రొయ్యలనూ పగడాలనూ చంపేస్తుంది. పాత ఇసుక, రాళ్లు దాన్ని పట్టి ఉంచి మెల్లగా వదులుతాయి. వాడామంటే, ఎంత ఖరీదు పెట్టినవైనా సరే, అవి పారేయాల్సిందే.