బ్యాండు పాటలో మన శంకరాభరణం

ధనుర్మాసం కదా, మన విశాఖలో పొద్దున్నే గుళ్లలో తిరుప్పావై, సాయంత్రం చర్చిల వైపు నుంచి బ్యాండు మీద క్రిస్మస్ పాటలు. "భక్తులం కదా, ఆ పాటలకు తాళం వేస్తే తప్పా?" అని కొందరి సందేహం. ముందు ఒక చిన్న పాఠం.

"జాయ్ టు ద వరల్డ్" మొదటి వరుసని స్వరాల్లో పాడి చూడండి. పై స నుంచి కింది స దాకా, మెట్లు దిగినట్టు: స ని ద ప మ గ రి స. ఒక్కటీ తప్పిపోదు. అచ్చం 29వ మేళకర్త, ధీరశంకరాభరణం అవరోహణ!

తేడా అంతా గమకంలో ఉంది. బ్యాండులో పదిమంది కలిసి ఒకే స్వరం పట్టాలంటే అది ఊగకుండా నిలవాలి. ఆర్కే బీచ్‌లో నేవీ బ్యాండు విన్నవాళ్లకి ఆ నిటారు స్వరం తెలుసు. పైగా ట్రంపెట్ బాణీ వాయిస్తుంటే ట్రాంబోన్లు కింద వేరే స్వరాలు పట్టి ఉంచుతాయి. మన కచేరీల్లో ఈ పద్ధతి లేదు.

ముత్తుస్వామి దీక్షితులు (1775–1835) మద్రాసులో ఇంగ్లీషువాళ్ల బ్యాండు విని, ఆ బాణీలకి సంస్కృత సాహిత్యం కట్టారు. అవే నోట్టుస్వరాలు. "సంతతం పాహిమాం" బాణీ బ్రిటిష్ రాజగీతానిది. "శ్యామలే మీనాక్షి" అయితే చిన్నపిల్లల "ట్వింకిల్ ట్వింకిల్" బాణీ! (మొదటిసారి విన్నప్పుడు నాకు నవ్వాగలేదు.) రాజుగారి బాణీలో అమ్మవారిని కొలిచిన ఆయనకి లేని అభ్యంతరం మనకెందుకు? హాయిగా తాళం వేసుకోండి.

ఈ వారం సాధన: అదే అవరోహణని ఒకసారి నిటారుగా, మరోసారి రి, మ లను కాస్త ఊపి పాడండి. శ్రుతిపెట్టె ఆపకండి.