తలంపులకు కాపలా

సంఘపెద్దగా ఉన్నన్నాళ్లూ ఇళ్లకు వెళ్లి ప్రార్థన చేయడం నా పని. ప్రార్థన ముగిశాక వీధి గుమ్మం దాకా సాగనంపుతూ చాలామంది గొంతు తగ్గించి అడిగే సంగతి ఒకటుంది. "మాస్టారూ, మోకాళ్ల మీద ఉన్నప్పుడే పాడు తలంపులు వస్తున్నాయి. అసలు నేను రక్షణ పొందినట్టేనా?" తాగుడు మానిన సంగతి మందిరంలో నిలబడి సాక్ష్యం చెబుతారు, జబ్బు నయమైన సంగతీ చెబుతారు. దీన్ని మాత్రం ఎవరూ లేచి చెప్పరు. ఆ గుమ్మాల దగ్గర నేను చెబుతూ వచ్చినవే ఇక్కడ రాస్తున్నాను.

1. తలంపు వచ్చినంత మాత్రాన పాపం కాదు

ముందు ఇది మనసులో స్థిరపడాలి. అరణ్యంలో ప్రభువుకు కూడా శోధన మాటల రూపంలోనే వచ్చింది. దేవాలయ శిఖరం మీద నుంచి దూకమన్న మాట ఆయన చెవిన పడింది. అందువల్ల ఆయన పరిశుద్ధతకు మచ్చ రాలేదు.

జాన్ బనియన్ రాసిన 'యాత్రికుని ప్రయాణము' చాలా క్రైస్తవుల ఇళ్లలో ఉంటుంది. మొదటి భాగం 1678లో అచ్చయింది. అందులో యాత్రికుడు మరణాంధకారపు లోయలో నడుస్తుంటే, దయ్యమొకటి వెనక నుంచి చేరి చెవిలో దేవదూషణ మాటలు ఊదుతుంది. పాపం, అవి తన గుండెలోనే పుట్టాయనుకుని అతను కుమిలిపోతాడు. బనియన్ ఇది ఊరికే కల్పించలేదు. క్రీస్తును అమ్మేయమనే మాట రాత్రింబవళ్లు తనను వెంటాడిన సంగతి 1666లో వచ్చిన ఆత్మకథలో విప్పి చెప్పుకున్నాడు. అంతటి భక్తుడికి వచ్చింది మనకు రాదా? వచ్చినదానికి పీట వేసి కూర్చోబెట్టామా, లేదా అన్నదే చూసుకోవాలి.

2. కొన్ని తలంపులకు డాక్టరు కావాలి

వద్దన్నకొద్దీ ఒకే దూషణ మాట రోజంతా తిరిగి తిరిగి రావడం, ప్రార్థన సరిగా చేయలేదేమోనని చేసిందే మళ్లీ మళ్లీ చేయడం, నిద్ర పట్టకపోవడం... ఇవి జబ్బు లక్షణాలు కావచ్చు. ఓసీడీ అనే జబ్బు భక్తిగలవాళ్లలో ఈ రూపంలో కూడా కనిపిస్తుంది. మందులతోనూ, నిపుణులు చేసే మాటల చికిత్సతోనూ తగ్గుతుంది. అలాంటి బిడ్డకు దయ్యం పట్టిందని చెప్పి, తల మీద చేయిపెట్టి కేకలు వేసేవాళ్లను చూస్తే నాకు కడుపు మండిపోతుంది. పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే. మానసిక వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి, ఇంట్లో ప్రార్థనా చేయండి.

3. ఖాళీ చేసి ఊరుకుంటే చాలదు

అపవిత్రాత్మ విడిచిపోయిన ఇంటి గురించి ప్రభువు చెప్పింది మత్తయి 12వ అధ్యాయంలో ఉంది. ఊడ్చి, అమర్చి, ఖాళీగా వదిలేసిన ఇంటికి అది మరో ఏడింటిని వెంటబెట్టుకుని వస్తుంది. 'ఇది ఆలోచించను, ఇది ఆలోచించను' అని పళ్లు బిగబట్టేవాళ్లు అలసిపోవడం నేను చూశాను. పౌలు బంధకాల్లో ఉండి ఫిలిప్పీయులకు రాశాడు. నాలుగో అధ్యాయంలో వేటిమీద మనసు పెట్టాలో ఎనిమిది మాటల్లో చెప్పాడు. చెరలో కూర్చుని పగనూ భయాన్నీ నెమరువేయడానికి ఆయనకు కావలసినన్ని కారణాలున్నాయి. అయినా మంచినే ఎంచి చూపించాడు.

మా చిన్నప్పుడు అక్షరం రాని అమ్మలకు పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు చరణాలతో సహా నోటికి వచ్చేవి. నాట్లు వేస్తూ పాడేవాళ్లు. మనసుకు మేత వాళ్ల నోటిలోనే ఉండేది. ఇప్పుడు పాట తెర మీద కనిపిస్తే తప్ప పాడలేకపోతున్నాం. పిల్లలకు సండే స్కూల్లో కంఠతా పెట్టించడం మానేయడం మన సంఘాలకు పెద్ద నష్టం అని నా గట్టి నమ్మకం.

4. న్యాయం వేషంలో వచ్చే తలంపును ముందు పట్టుకోండి

కామపు తలంపు తాను పాపమని తెలిసేలాగే వస్తుంది. పగ అలా రాదు. 'నీకు అన్యాయం జరిగింది' అంటూ మన పక్షాన మాట్లాడుతుంది. కమిటీ ఎన్నికల్లో ఎవరో అన్న మాట, పెళ్లికి పిలవకపోవడం, అన్నదమ్ముల మధ్య అర ఎకరం... పాస్టరుగారు వాక్యం చెబుతుంటే లోపల విచారణ నడుస్తుంటుంది. వాడు అలా అన్నాడు, నేను ఇలా అని ఉండాల్సింది, ఈసారి ఇలా అంటాను. అవతలివాడికి నోరే ఉండదు. తీర్పు ప్రతిసారీ మనకే అనుకూలం. ఏళ్ల తరబడి పక్కపక్కన మోకరించి ప్రభువు బల్లలో పాలు పొందుతూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోనివాళ్లు నాకు తెలుసు. సంఘాలను చీల్చింది ఎక్కువగా ఇదే.

నేను చెప్పేది ఇది. మాట్లాడితే తేలే సంగతైతే వచ్చే ఆదివారం లోపల వెళ్లి మాట్లాడండి. అర్పణను బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడి దగ్గరకు వెళ్లమన్నాడు ప్రభువు. వెళ్లినా తేలకపోతే, విచారణ మొదలైన ప్రతిసారీ ఆ మనిషి పేరు పెట్టి ప్రార్థించండి. పైపైన 'దీవించు ప్రభువా' అని వదిలేయకండి. అతని మోకాళ్ల నొప్పి గురించి, కూతురి పరీక్షల గురించి అడగండి. మొదట్లో నోరు రాదు. రానురాను లోపలి విచారణకు బలం తగ్గుతుంది.

ఒక మాట గట్టిగా చెప్పాలి. భర్త చేతి దెబ్బలు, కులం పేరుతో అవమానం, ఎగ్గొట్టిన కూలి డబ్బులు... ఇలాంటివాటిని మనసులోనే అణచుకోమని నేను ఎవరికీ చెప్పలేదు, చెప్పను. అక్కడ ఫిర్యాదు చేయాలి, సంఘం తోడు నిలబడాలి.

5. ఫోను పడకగదిలో వద్దు

యోబు తన కళ్లతోనే ఒప్పందం చేసుకున్నాడు. రాత్రి పది దాటాక ఒంటరిగా ఫోను పట్టుకుని, ఎన్ని ఒప్పందాలు చేసుకున్నా నిలవవు. హాల్లో చార్జింగు పెట్టి పడుకోండి.

6. మధ్యాహ్నం జాగ్రత్త

నాలుగో శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో ఎవాగ్రియస్ అనే సన్యాసి మనిషిని పట్టే చెడు తలంపులను ఎనిమిదిగా లెక్కించాడు. వాటిలో ఒకటి మధ్యాహ్నం వచ్చే విసుగు. సూర్యుడు కదలడు, గదిలో కూర్చోబుద్ధి కాదు, తనను ప్రేమించేవాళ్లే లేరనిపిస్తుంది. పదవీ విరమణ చేసి, పిల్లలు హైదరాబాదుకో అమెరికాకో వెళ్లిపోయిన మా వయసువాళ్లకు ఈ తలంపు బాగా తెలుసు. దానికి లొంగిపోకుండా చేతికి పని చెప్పండి, ఒంటరిగా ఉన్న ఇంకొకరి ఇంటికి వెళ్లండి.

ఒక్కో తలంపుకు ఎదురు చెప్పే వాక్యాలను ఏర్చి ఎవాగ్రియస్ ఒక పుస్తకమే కూర్చాడు. అరణ్యంలో ప్రభువు చేసిందీ అదే: మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు. నాకూ ఒక నోటుపుస్తకం ఉంది. భయానికి ఒక పేజీ, కోపానికి ఒకటి, అసూయకు ఒకటి. శోధన ముంచుకొచ్చినప్పుడు బైబిలంతా తిరగేయడానికి తీరిక ఉండదు.

7. ఒక్కరికైనా చెప్పుకోండి

దాచినకొద్దీ తలంపు బలపడుతుంది, పేరు పెట్టి ఇంకొకరి ముందు పలికితే సగం బలం పోతుంది. మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో చెప్పుకోవడం మేలు. వినేవాళ్లు వయసులో పెద్దవాళ్లే కానక్కర్లేదు, విన్నది కడుపులో దాచుకునేవాళ్లై ఉండాలి. ప్రార్థనాంశం పేరుతో మీ సంగతి వాట్సాప్ గ్రూపులో పెట్టే మనిషికి చెప్పకండి. మీ సంఘంలో అలా దాచుకునేవాళ్లు దొరక్కపోతే పక్క ఊరి సంఘంలో వెతకండి, బస్సెక్కి వెళ్లాల్సి వచ్చినా సరే.