ఆకులు రాలని ఆటమ్: దసరా సెలవుల్లో మన శరత్తును పిల్లలకు చూపిద్దాం



ప్రైమరీ క్లాసుల్లో ‘ఆటమ్’ బొమ్మ గీయమంటే పిల్లలు దాదాపు అందరూ ఒకే బొమ్మ గీస్తారు. ఆకులు లేని చెట్టు, దాని కింద ఎరుపు, ఆరెంజ్ క్రేయాన్లతో ఆకుల గుట్ట, పక్కన మఫ్లర్ చుట్టుకున్న అబ్బాయి. పుస్తకంలో అలాగే ఉంది కాబట్టి తప్పు పట్టలేం. కానీ అదే రోజు శాలిబండలోనో యాకుత్‌పురాలోనో మేడ ఎక్కి చూస్తే వేపచెట్టు నిండు పచ్చగా ఉంటుంది. మఫ్లర్ సంగతి అటుంచితే, ఇంట్లో ఫ్యాన్ కూడా ఆపలేం.

పుస్తకంలో ఉన్నదీ నిజమే, మేడ మీద నుంచి కనిపించేదీ నిజమే. రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయో ఎవరూ చెప్పకపోతే, పాఠం అంటే పరీక్షలో రాసేదని, కిటికీ బయట ఉన్నది పాఠం కాదని పిల్లలు నిర్ణయించుకుంటారు. ఒకసారి ఆ అలవాటు పడితే చూడడం, అడగడం రెండూ తగ్గిపోతాయి. దాన్ని సరిచేయడానికి దసరా సెలవుల కంటే మంచి సమయం లేదు. ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

మన దగ్గర ఆకులు ఎప్పుడు రాలుతాయి?

చలి దేశాల్లో సెప్టెంబర్ తర్వాత పగళ్లు వేగంగా చిన్నవవుతాయి. లండన్‌లో డిసెంబర్ చివర పగలు 8 గంటలు కూడా ఉండదు. ఎండ తగ్గి, చలి పెరిగాక ఆకులో పచ్చదనాన్నిచ్చే పత్రహరితం విడిపోతుంది. అప్పటిదాకా దాని వెనుక దాగిన పసుపు, నారింజ రంగులు బయటపడతాయి. ఆ తర్వాత చెట్టు ఆకుల్ని వదిలేస్తుంది. అమెరికాలో ఈ కాలాన్ని ‘ఫాల్’ అనడానికి కారణం అదే.

హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా 11 గంటలు ఉంటుంది. ఇక్కడ చెట్లకు ఎండ కొరత లేదు, నీటి కొరత ఉంటుంది. వానాకాలం ఇప్పుడే ముగుస్తోంది కాబట్టి నేలలో కావలసినంత తడి ఉంది. ఆకులు రాల్చాల్సిన అవసరం చెట్టుకు ఇప్పుడు లేదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో నేల ఎండిపోయాక వేప, రావి ఆకులు రాలుస్తాయి. మన పెద్దలు ఏడాదిని ఆరు ఋతువులుగా విభజించి, ఆశ్వయుజ, కార్తిక మాసాలను శరత్తు అన్నారు. ఆకులు రాలే కాలం మనకు మాఘ, ఫాల్గుణాల్లో వచ్చే శిశిరం. డిక్షనరీలో ‘ఆటమ్’కు శరత్తు అని ఉంటుంది. ఆ మాట సరైనదే, బొమ్మ మాత్రం మారాలి. మన శరత్తు బొమ్మలో పువ్వులు ఉండాలి.

నడుస్తూ చూడాల్సినవి

ఉదయం ఆరున్నరకు పిల్లల చెయ్యి పట్టుకుని అరగంట నడవండి. పార్కే కావాలని లేదు. ఖాళీ ప్లాటు, చెరువు కట్ట, రింగ్ రోడ్డు పక్కన బీడు భూమి ఏదైనా చాలు. ఇవి వెతకమనండి:

• తంగేడు: పసుపు పూల గుబురు పొద. ఇది తెలంగాణ రాష్ట్ర పుష్పం.
• గునుగు: తెలుపు, లేత గులాబీ రంగు కంకుల్లా ఉంటుంది. చేలలో కలుపు మొక్కగా మొలిచే ఈ గునుగే బతుకమ్మలో వరుసలు వరుసలుగా పేరుస్తారు.
• తూనీగలు: వాన వెలిశాక గుంపులుగా ఎగురుతాయి. ఈ రోజుల్లో ఒక జాతి తూనీగలు మన దేశం నుంచి హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వైపు వెళ్తాయని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.
• సాలెగూడు మీద మంచు బిందువులు: ఎండెక్కితే కనిపించవు. పొద్దున్నే లేవడానికి ఇంతకంటే మంచి కారణం పిల్లలకు చెప్పలేం.
• పాలపిట్ట: కూర్చున్నప్పుడు మామూలుగా ఉంటుంది, రెక్క విప్పితే నీలం మెరుస్తుంది. ఊరి శివార్లలో కరెంటు తీగల మీద వెతకండి.

రాష్ట్ర పుష్పం తంగేడు, రాష్ట్ర పక్షి పాలపిట్ట, రాష్ట్ర వృక్షం జమ్మి. మూడూ దసరా రోజుల్లోనే మన ముందుకు వస్తాయి. జీకేలో బట్టీ పట్టే మూడు జవాబుల్ని పిల్లలు ఒకే వారంలో కళ్లతో చూడవచ్చు.

ఒక విన్నపం. పండుగ రోజు పాలపిట్టను పంజరంలో పెట్టి డబ్బులకు చూపించేవాళ్లు వస్తుంటారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఆ పక్షిని పట్టి బంధించడం నేరం. మీరు డబ్బు ఇవ్వకుండా, ఎందుకు ఇవ్వలేదో పిల్లలకు చెబితే అదే పెద్ద పాఠం.

సగం రోజు ప్రయాణం

సెలవులంటే ఊటీ, అరకు వెళ్లేవారు వెళ్తారు. వెళ్లలేని వారికి ఆటో దూరంలో రెండు చోట్లు.

మొదటిది బహదూర్‌పురాలోని నెహ్రూ జూలాజికల్ పార్క్. 1963 అక్టోబర్ 6న ప్రజల కోసం తెరిచారు. 380 ఎకరాలు. జంతువుల్ని మాత్రమే చూసి వచ్చేయకుండా చెట్ల కింద కాసేపు కూర్చోండి. పక్కనే మీర్ ఆలం చెరువు ఉంది. దాని కట్ట రెండు వందల ఏళ్ల నాటిది, 21 అర్ధచంద్రాకారపు ఆర్చీలను పక్కపక్కన పేర్చి కట్టారు. ఆ ఆకారం నీటి ఒత్తిడిని ఎలా తట్టుకుంటుందని అడగండి, పెద్ద క్లాసుల పిల్లలు ఆలోచిస్తారు. జూకు సోమవారం సెలవు.

రెండోది మూసీ అవతలి ఒడ్డున, అఫ్జల్‌గంజ్‌లో ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలాది మంది ప్రాణాలు పోయినప్పుడు, ఈ చెట్టు కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. ఆ వరద తర్వాతే నగరాన్ని కాపాడడానికి ఉస్మాన్ సాగర్ (1920), హిమాయత్ సాగర్ (1927) కట్టారు. ఆసుపత్రి కాబట్టి రోగులకు ఇబ్బంది లేకుండా, నిశ్శబ్దంగా చూసి రండి.

ఈ కథ పిల్లలకు ఎందుకంటే, మన శరత్తుకు పూలతోపాటు ఇంకో ముఖం కూడా ఉంది. వెనక్కి మళ్లే వాన ఒక్కోసారి కుండపోతగా కురుస్తుంది. 2020 అక్టోబర్‌లో పాతబస్తీ కాలనీలు నీట మునగడం మీలో చాలామంది కళ్లారా చూశారు. చెరువులో, నాలాలో చెత్త వేయకూడదని వంద సార్లు చెప్పేకంటే ఆ చెట్టు కింద ఒక్కసారి నిలబెట్టి చెప్పండి.

ఇంగ్లిష్ టీచర్‌గా ఇంకో చిన్న మాట: ‘టామరిండ్’ అనే పదం అరబిక్ నుంచి వచ్చింది. ‘హిందుస్థాన్ ఖర్జూరం’ అని అర్థం. చింత, ఇమ్లీ, టామరిండ్ మూడు మాటలూ వినిపించే గల్లీల్లో పెరిగే పిల్లలు ఇది సులువుగా మర్చిపోరు.

మేడ మీద నాలుగు కుండీలు

పాత పెయింట్ బకెట్ కడిగి, అడుగున నాలుగైదు రంధ్రాలు పెడితే కుండీ తయారు. నాలుగైదు గంటలు ఎండ తగిలే చోట ఉంచండి.

• మెంతులు రాత్రి నానబెట్టి చల్లితే మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి. నెల తిరిగేసరికి పప్పులోకి ఆకు కోయవచ్చు. ఓపిక తక్కువ ఉన్న చిన్న పిల్లలకు ఇదే సరైనది.
• ధనియాలను చేత్తో రెండుగా నలిపి వేయాలి. మొలవడానికి వారం, పది రోజులు పడుతుంది.
• పండుగకు తెచ్చిన బంతిపూలు వాడిపోయాక పూర్తిగా ఎండనిచ్చి, రేకుల కింద ఉండే సన్నని నల్లటి గింజలు దాచుకోండి. అవే విత్తనాలు.

కుండీ కింది పళ్లెంలో నీళ్లు నిలవనివ్వకండి. డెంగ్యూ దోమ పెరగడానికి వారం, పది రోజులు నిలిచిన మంచినీళ్లు చాలు. ప్రతి ఆదివారం పళ్లేలు పారబోసి ఆరబెట్టే బాధ్యత పిల్లలకే ఇవ్వండి.

ఇంట్లో సాయంత్రాలు

ఇది సీతాఫలాల కాలం. పండు ముందు పెట్టి, గింజలు ఎన్ని ఉంటాయో ఊహించమని, తిన్నాక లెక్కపెట్టమని చెప్పండి. చిన్న క్లాసులకు ‘ఎస్టిమేషన్’ పాఠం అదే. గింజలు మాత్రం నమలనివ్వకండి. గింజల పొడి కంట్లో పడితే చాలా ప్రమాదం.

మబ్బులు విడిపోయిన ఆకాశంలో వెన్నెల ఈ రెండు నెలలూ బాగుంటుంది. పౌర్ణమి దాకా ఒక వారం రోజులు రాత్రి భోజనమయ్యాక మేడ మీదికి వెళ్లి చంద్రుడి ఆకారం గీయించండి. నానమ్మలు, తాతయ్యలు, నానీలు, దాదీలు ఇంట్లో ఉంటే వాళ్ల చిన్నప్పుడు ఈ రోజుల్లో ఏ పువ్వులు పూసేవో, ఏ చెరువు దాకా నడిచేవారో పిల్లల చేత అడిగించండి. ఫోన్ పక్కన పెట్టించడానికి ఇది తిట్టడం కంటే బాగా పనిచేస్తుంది.

సెలవుల తర్వాత...

పిల్లలు ఒక్క పేజీ తెస్తే చాలు. రోజుకు ఒక వాక్యం: ఏం చూశాను, ఎక్కడ చూశాను. ఇంగ్లిష్‌లో రాయవచ్చు, తెలుగులో రాయవచ్చు, మాట తెలియకపోతే బొమ్మ గీయవచ్చు. దయచేసి మీరు రాసి ఇవ్వకండి, ఇంటర్నెట్‌లో ఫోటో ప్రింట్ తీసి అతికించకండి. స్పెల్లింగ్ తప్పులు క్లాసులో మేము దిద్దుకుంటాం. చూడని పువ్వును చూసినట్టు మేము రాయించలేం.

మీకూ, మీ పిల్లలకూ సెలవులు హాయిగా గడవాలని కోరుకుంటూ,

ఇంగ్లిష్ టీచర్, ప్రైమరీ విభాగం