వాకర్ ఇచ్చే ముందు కొలత చూడండి

నడవడం కష్టమైన పెద్దలకు వాకర్ కొనిద్దామని దాతలు ముందుకు రావడం సంతోషించదగ్గ విషయం. అయితే వాకర్ దుప్పటి లాంటిది కాదు, కళ్లజోడు లాంటిది. ఒకరికి కుదిరినది మరొకరికి కుదరదు. కుదరని వాకర్ మూలన పడి ఉంటే డబ్బు వృథా. దాన్ని పట్టుకుని పెద్దవారు పడితే తుంటి ఎముక విరగవచ్చు. అందుకే కొనే ముందు మనిషిని, ఇంటిని చూడాలి.

వాకర్లు ముఖ్యంగా మూడు రకాలు.

మొదటిది చక్రాలు లేనిది. దీని ఊతం గట్టిది. కానీ అడుగడుక్కీ ఎత్తి ముందుకు పెట్టాలి కాబట్టి చేతుల్లో సత్తువ ఉండాలి.

రెండవది ముందు రెండు చక్రాలున్నది. ఎత్తనక్కర్లేదు, తోస్తే కదులుతుంది. బరువు మోపినప్పుడు వెనక కాళ్ల రబ్బరు తొడుగులు నేలను పట్టుకుంటాయి. ఎత్తే ఓపిక లేక, ఊతం మాత్రం అవసరమైన వారికి ఇది నయం.

మూడవది నాలుగు చక్రాలది. దీన్ని రోలేటర్ అంటారు. చేతి బ్రేకులు, కూర్చోవడానికి సీటు ఉంటాయి. సొంతంగా నడవగలిగినా త్వరగా అలసిపోయేవారికి, మస్జిదుకో అంగడికో వెళుతూ మధ్యలో కూర్చోవాల్సి వచ్చేవారికి ఇది మేలు. చూడ్డానికి బాగుంటుంది కనుక దాతలు దీనివైపే మొగ్గుతారు. కానీ ఒంటి బరువంతా మోపితే ఇది ముందుకు జారిపోతుంది. చేతి పట్టు లేనివారికి, మతిమరుపు వ్యాధితో బ్రేకు సంగతి గుర్తుండని వారికి ఇది ప్రమాదం. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్నవారికి ఫిజియోథెరపిస్టు చూడకుండా ఇవ్వకండి. పక్షవాతంతో ఒక చెయ్యి పనిచేయని వారికి మామూలు వాకర్ ఏదీ కుదరదు. వారికి నాలుగు కాళ్ల చేతికర్ర సరిపోతుందేమో అడగాలి.

ఇక కొలత. రోజూ వేసుకునే చెప్పులతో వారిని నిటారుగా నిలబెట్టి, చేతులు కిందికి వదలమనండి. మణికట్టు మడత ఎంత ఎత్తున ఉందో వాకర్ పిడి అంత ఎత్తున ఉండాలి. పట్టుకున్నప్పుడు మోచేయి 20 నుంచి 30 డిగ్రీలు వంగాలి. పిడి ఎత్తైతే భుజాలు పైకి లేస్తాయి, కిందికుంటే నడుము వంగిపోతుంది. వారి బరువును వాకర్ మోయగలదా అన్నది కూడా చూడాలి.

తర్వాత ఇల్లు. బాత్రూం తలుపు సన్నగా ఉంటే వాకర్ లోపలికి వెళ్లదు. గడపలకు చిన్న చక్రాలు తట్టుకుంటాయి. వీధి ఎగుడుదిగుడుగా ఉంటే పెద్ద చక్రాలు కావాలి. వుజూ చేసే చోట తడి ఉంటుంది కాబట్టి, అరిగిన రబ్బరు తొడుగులను వెంటనే మార్చాలి.

ఇచ్చిన రోజునే కొన్ని సంగతులు నేర్పాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు వాకర్‌ను పట్టుకుని లాగకూడదు, కుర్చీ చేతుల మీద ఆనుకుని లేవాలి. రోలేటర్ మీద కూర్చునే ముందు రెండు బ్రేకులూ బిగించాలి. అది చక్రాల కుర్చీ కాదు, మనిషిని కూర్చోబెట్టి తోయకూడదు. దానితో మెట్లు ఎక్కకూడదు.

ప్రభుత్వ సాయం అందేవారిని అటు పంపడమూ మేలే. 2017 ఏప్రిల్ 1న నెల్లూరు జిల్లాలో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన కింద 60 ఏళ్లు దాటిన పేద వృద్ధులకు వాకర్లు, చేతికర్రలు ఉచితంగా ఇస్తున్నారు. వాటిని కాన్పూర్‌లోని అలింకో సంస్థ అందిస్తుంది. అప్పుడు మీ విరాళం ఆ పథకంలోకి రాని వారికి మిగులుతుంది.

ఈసారి వాకర్‌కు డబ్బు ఇచ్చేటప్పుడు ఒక గంట సమయం కూడా ఇవ్వండి. టేపుతో ఆ ఇంటికి వెళ్లి నాలుగు విషయాలు రాసుకురండి: మణికట్టు ఎత్తు, ఒంటి బరువు, తలుపు వెడల్పు, నడక ఎందుకు కష్టమైందో డాక్టరు చెప్పిన కారణం. నెల తర్వాత మళ్లీ ఒకసారి వెళ్లి, వారు దానితో నడుస్తున్నారో లేదో చూడండి.