నోటి దుర్వాసన: దాని కారణాలు, దాని గురించిన దిగులు

కోవిల్‌పట్టిలో గంధకం పేరు వినని ఇల్లు అరుదు. అగ్గిపుల్ల తలకు పూసే మందులో పొటాషియం క్లోరేట్‌తో పాటు అదీ ఉంటుంది. నోటి దుర్వాసనకు మూలం కూడా చాలావరకు గంధకమే. ఒట్టి గంధకానికి పెద్దగా వాసన లేదు. అది హైడ్రోజన్ సల్ఫైడ్, మిథైల్ మెర్కాప్టాన్ వంటి వాయువులలో కలిసినప్పుడు కుళ్ళిన కోడిగుడ్డు కంపు పుడుతుంది. నాలుక వెనుక భాగంలోను, చిగుళ్ళ సందులలోను, గాలి సోకని చోట నివసించే సూక్ష్మజీవులు మాంసకృత్తులను విడగొట్టి ఈ వాయువులను వెలువరిస్తాయి. 1960, 70 దశకాలలో కెనడా పరిశోధకుడు జోసెఫ్ టోంజెటిచ్ చేసిన పరీక్షల వలన ఈ సంగతి స్థిరపడింది. కడుపులో వేడి వలన నోరు కంపు కొడుతుందని మన పెద్దలు అంటారు గాని, 10 మందిలో 8 లేక 9 మందికి కారణం నోటిలోనే ఉంటుంది.

నిద్రలో లాలాజలం తగ్గిపోతుంది. కనుక తెల్లవారేసరికి అందరిదీ పాచినోరే. అది జబ్బు కాదు. పగలు నోరు ఎండినా అదే జరుగుతుంది. ఈ కరిసల్ నేల ఎండలో, అగ్గిపెట్టెల కర్మాగారంలోనో, నూనె మిల్లులోనో, పప్పుల గిడ్డంగిలోనో పనిచేస్తూ మధ్యాహ్నం దాకా గుక్కెడు నీళ్ళు తాగని వారెందరో ఉన్నారు. మరుగుదొడ్డి సౌకర్యం లేదని నీళ్ళు మానుకునే స్త్రీల మాట చెప్పనక్కరలేదు. వారికి మౌత్‌వాష్ సీసా కంటే నీళ్ళ సీసా ఎక్కువ మేలు చేస్తుంది.

విరుదునగర్ నూనె పరోటాతో ఉల్లి, వెల్లుల్లి తిన్నాక వచ్చే వాసన వేరు. వెల్లుల్లిలోని ఒక పదార్థం రక్తంలో కలిసి ఊపిరితిత్తుల గుండా బయటికి వస్తుంది. ఎంత తోముకున్నా కొన్ని గంటల దాకా అది పోదు. దానంతట అదే పోతుంది. 2020లో భౌగోళిక గుర్తింపు పొందిన కోవిల్‌పట్టి వేరుశనగ మిఠాయిని మానమని ఎవరం చెప్పగలం? అయితే ఆ బెల్లం పాకం పళ్ళ సందులలో అంటుకొని ఉంటుంది కనుక, తిన్న వెంటనే నీళ్ళతో పుక్కిలించాలి.

రోజుకు రెండుసార్లు, ముఖ్యంగా పడుకోబోయే ముందు, ఫ్లోరైడ్ పేస్టుతో పళ్ళు తోముకోవాలి. నాలుకను వెనుక నుండి ముందుకు మెల్లగా గీయాలి. రక్తం వచ్చేలా గీకరాదు. కట్టుడు పళ్ళను రాత్రి తీసి కడగాలి. పొగాకు, జర్దా, గుట్కా చిగుళ్ళను పాడుచేస్తాయి, నోటి క్యాన్సర్‌ను తెస్తాయి; ఏలకులు నమిలితే కంపు కాసేపు మరుగుపడుతుంది గాని ఆ హాని తగ్గదు.

ఇక దిగులు సంగతి. తన నోటి వాసన తన ముక్కుకు సరిగా తెలియదు. ముక్కు దానికి అలవాటు పడిపోతుంది. అందువలన వాసన ఉన్నవారు కొందరు గమనించరు, లేనివారు కొందరు ఉందని కుమిలిపోతారు. ఎదుటివారు దుమ్ముకు ముక్కు తుడుచుకున్నా, కిటికీ తెరిచినా, తమ వల్లనే అనుకుంటారు. కొత్త ఊరిలో, భాష అంతంతమాత్రంగా వచ్చిన చోట ఈ అనుమానం మరీ పెరుగుతుంది: మాట తక్కువ, సందేహం ఎక్కువ. నోటికి చేయి అడ్డుపెట్టుకొని మాట్లాడడం, పెళ్ళిపేరంటాలకు వెళ్ళకపోవడం, చివరికి ఉద్యోగం మానుకోవడం దాకా పోతుంది. 1971లో వైద్యుడు ప్రైస్-ఫిలిప్స్ ఇటువంటి బాధను ప్రత్యేకంగా వర్ణించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేటి రోగాల పట్టికలో దానికి చోటున్నది. ఇది నటన కాదు, పిచ్చీ కాదు. చికిత్స ఉన్న బాధ.

ముందుగా నమ్మకమైన ఒక్కరిని, భార్యనో, అన్ననో, స్నేహితురాలినో, సూటిగా అడగండి. వారు లేదంటే ఆ మాట నమ్మండి. రోజూ పదిమందిని అడగడం దిగులును పెంచుతుంది. దంతవైద్యుడు ఏమీ లేదన్నా మనసు ఒప్పుకోకపోతే టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి. 2022లో మొదలైన ఆ ఉచిత సేవలో తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చిగుళ్ళ నుండి రక్తం, కదిలే పళ్ళు, పిప్పి పన్ను ఉంటే ప్రభుత్వ ఆసుపత్రి దంత విభాగానికి వెళ్ళండి. మధుమేహం ఉన్నవారి ఊపిరి మాగిన పండు వాసన వేస్తూ, వాంతులు, ఆయాసం కూడా ఉంటే ఆలస్యం చేయక 108కి ఫోన్ చేయాలి. తమిళంలో నోటి దుర్వాసనను ‘వాయ్ నాట్రం’ అంటారు. చిగురును ‘ఈఱు’ అంటారు. వైద్యుడు ఆ మాట అంటే తలలోని ఈరు అనుకొని కంగారు పడకండి. ‘ఈఱిల్ రత్తం వరుదు’ అంటే చిగుళ్ళ నుండి రక్తం వస్తున్నదని చెప్పినట్లు.